బస్సులో నేను చెప్పిన వంతెన కథ

పోయిన శ్రావణంలో అక్క కూతురు చిన్నిని తీసుకుని పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో వెళ్తున్నాను. నా నోరు ఊరుకోదు కదా! ఏటి మీది పాత వంతెనపై ట్రాఫిక్‌లో బస్సు ఆగగానే కథ మొదలుపెట్టాను.

“చిన్నీ, ఈ బ్రిడ్జి కట్టేటప్పుడు స్తంభం నిలబడలేదంట. ఒక కూలామెను బలిచ్చినారంట. ఇప్పటికీ ఆమె ఈడ ఏడస్తా ఉంటాదంట!”

చుట్టుపక్కల వాళ్లు కూడా వింటుంటే నాకింకా హుషారొచ్చింది. ఆమె ఎలా ఏడుస్తుందో గొంతు మార్చి ఏడ్చి చూపించాను. చిన్ని భయంతో నన్ను పట్టుకుంది. అందరూ నవ్వారు.

ముందు సీట్లోని అవ్వ మాత్రం కిటికీలోంచి ఏట్లోకి నాలుగు మల్లెపూలు వేసి, నావైపు తిరిగింది.

“ఆమె మా అమ్మ, పాపా. మంగమ్మ. ఎవురూ బలి ఇయ్యలేదు. పరంజా కట్టె ఇరిగి, మా అమ్మ కింద పడి సచ్చిపోయింది. నేను ఆడనే ఇసకలో ఆడుకుంటా ఉంటిని.”

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“తప్పయిపోయింది అవ్వా” అని గొణిగాను.

“ఊరంతా అదే చెప్తాది, నువ్వేం చేస్తావులేమ్మా” అంటూ ఆమె మిగిలిన పూలు చిన్ని జడలో పెట్టింది. “బయపడొద్దు బంగారూ. మా అమ్మ ఏడ్సే మనిషి కాదు. బలే నవ్వుతా ఉండె.”

బస్టాండు వచ్చేదాకా నేను తలెత్తలేదు.

ఇప్పుడు ఆ వంతెన ఎక్కినప్పుడల్లా చిన్ని నన్ను కథ చెప్పమంటుంది.

“దీన్ని కట్టినోళ్లలో మంగమ్మ అని ఒకామె ఉండె. బలే నవ్వుతా ఉండెనంట” అంటాను. వంతెన దాటేదాకా నాకు ఇంకో మాట రాదు.

– రేవతి, పుంగనూరు