పాప తూకంలో నా చెయ్యి

ఇన్నేళ్ళూ దీన్ని మింగలేక, కక్కలేక మోశాను. నాకు సంతకం చేయడం వరకే వచ్చు. అందుకని నోటితో చెబుతున్నాను, రాసేవారు రాస్తున్నారు. మాట తడబడితే తడబడినట్టే ఉంచమన్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. ముఖం తెలిసినవాళ్ళకి చెప్పబోయిన ప్రతిసారీ నా నాలుక మడతపడిపోయింది.

నా మనవరాలిని నేను చంపాను.

కొట్టి కాదు. కొట్టింది నా కొడుకు. అదీ పాపని కాదు, పాప తల్లిని. మరి నేను చంపానని ఎందుకంటున్నాను? వినండి.

మాది వత్సవాయి అవతల ఒక ఊరు. మా ఆయన సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. తాగేవాడు, నన్ను చావబాదేవాడు. చివరికి ఆ క్వారీలోనే బండ కింద పడి పోయాడు. ఆ రోజు నేను ఏడ్చింది మొగుడు పోయినందుకో, భయం పోయినందుకో నాకిప్పటికీ తెలియదు. తర్వాత ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయాగా చేరాను. ఒక్కడే కొడుకు, టిప్పరు తోలేవాడు. తండ్రి చెయ్యే వాడికి వచ్చింది. నందిగామ దగ్గర పిల్లని తెచ్చి పెళ్ళి చేశాను. పెళ్ళయిన ఏడాదికే పాప పుట్టింది. బుజ్జి అని పిలిచేవాళ్ళం.

సెంటర్లో నెలకోసారి పిల్లల్ని తూచేవాళ్ళం. టీచరమ్మ ఫోనులో అంకె కొడితే పిల్ల పేరు పక్కన రంగు వచ్చేది. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు. ఎరుపు వచ్చిందంటే సూపర్‌వైజరమ్మ, నర్సమ్మ ఇద్దరూ ఇంటికొస్తారు. తల్లికి పాలు పడుతున్నాయా, ఏం తింటోంది, పొయ్యి మీద ఏముంది, అన్నీ చూస్తారు. ఆ అంకెలు పైకి వెళతాయనీ, ఏ ఊరికి పాలూ గుడ్లూ ఎక్కువ పంపాలో, ఏ బిడ్డని ముందు డాక్టరుకి చూపించాలో వాటిని బట్టే తేలుతుందనీ టీచరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నాకు అర్థం కాక కాదు. అర్థమయ్యే చేశాను.

మా పక్క వీధిలో ఒకింటికి అలాగే వచ్చారు. బిడ్డ కోసం వచ్చినవాళ్ళకి తల్లి వీపు మీద వాతలు కనబడ్డాయి. వారం తిరక్కుండా పోలీసులొచ్చి మొగుణ్ణి జీపెక్కించారు. ఆ జీపు మా గుమ్మం ముందు నుంచే పోయింది. అప్పటి నుంచి ఎరుపు అన్న మాట వింటేనే నాకు ఆ జీపే కనబడేది.

కోడలికి సెంటరు నుంచి వచ్చే గుడ్లు నా కొడుకు మందులోకి నంజుకునేవాడు. ఒకరోజు అది ఒక గుడ్డు దాచి, పచ్చసొన చిదిమి పాప నోట్లో పెట్టింది. వాడు పాప గడ్డం మీద పచ్చసొన చూశాడు. పెళ్ళాన్ని జుట్టు పట్టి ఈడ్చి, తల రుబ్బురోలుకి కొట్టాడు. పడిపోయాక రొమ్ము మీద తన్నాడు, బూటు కాలితో. అది చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద తన్నాడు. పాప గుక్కపట్టింది. నేనేం చేశాను? లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టాను. టీవీ శబ్దం పెంచాను. నేను తిన్న దెబ్బలు గుర్తు రాలేదా? వచ్చాయి. గుర్తొచ్చే, నేను బతకలేదా, ఇదీ బతుకుతుందిలే అనుకున్నాను. దెబ్బలు తిన్న ఆడది ఇంకో ఆడదాని దెబ్బల్ని చూసి ఇలా అనుకోగలదని అంతకుముందు నాకు తెలియదు.

ఆ రొమ్ము గడ్డకట్టింది. పాలల్లో నెత్తుటి జీర కనబడింది. తర్వాత ఆ పాలూ తగ్గిపోయాయి. సెంటర్లో ఇచ్చే బాలామృతం పిండి కలిపి పెడితే పాప కాస్త నాకి తల తిప్పేసేది. తొడల మీద చర్మం వేలాడింది.

ఆ నెల తూకం రోజు వచ్చింది. పళ్ళెంలా ఉండే మిషను మీద పిల్లల్ని పడుకోబెట్టి, దొర్లిపోకుండా చెయ్యి అడ్డం పెట్టడం నా పని. పాప గింజుకుంది. నా అరచెయ్యి దాని తొడ మీద ఆనింది. అంకె పెరిగింది. టీచరమ్మ, నీ మనవరాలు ఒళ్ళు చేసిందే అంటూ ఫోనులో కొట్టేసింది. ఆకుపచ్చ. నేను పాపని దించి ఇంకో బిడ్డని పడుకోబెట్టాను. ఆ నెలది పొరపాటే, ప్రమాణం చేసి చెప్పగలను. తర్వాతి నెలది పొరపాటు కాదు. పాప కింద గుడ్డ మడతపెట్టి పరిచి, ఆ మడతలో వేళ్ళు పెట్టి అదిమాను. ఎంత అదిమితే ఎరుపు రాదో వేళ్ళకి తెలిసిపోయింది. మండలం మీటింగులో మా సెంటర్లో ఒక్క ఎరుపూ లేదని టీచరమ్మకి చప్పట్లు కొట్టారట. ఆమె నాకు లడ్డు తెచ్చిపెట్టింది. తిన్నాను.

ఎండలు ముదిరాక పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు గుంటలు పడ్డాయి. టీచరమ్మే ఆటో పిలిచి, నన్నూ కోడలినీ ఎక్కించుకుని జగ్గయ్యపేటలో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పాపని తూచి మొహం చిట్లించాడు. టీచరమ్మ ఫోను చూపించింది. పాప చెయ్యి ఒకసారి, ఫోను ఒకసారి చూసి ఆయన నావైపు తిరిగాడు.

"ఏమ్మా, పోయిన నెల తూచినప్పుడు నువ్వున్నావా?"

"ఉన్నానండి. నేనే పడుకోబెట్టా."

"ఈ బరువు నిజమేనా? నిజమైతే ఈ తగ్గిందంతా ఒంట్లో నీరే. సెలైను గబగబా ఎక్కించాలి. ముందు నుంచీ చిక్కిన బిడ్డయితే అలా ఎక్కించకూడదు, గుండె తట్టుకోదు. ఆలోచించుకుని చెప్పు."

"అత్తా," అంది కోడలు. అంతే అంది. పక్కనుంచి దాని మోచెయ్యి పట్టి చర్మం తెగేలా గిల్లాను.

"నిజమేనండి," అన్నా. "మా బుజ్జి బొద్దుగా ఉండేదండి."

ఎందుకన్నాను? కాదంటే, ఎందుకు నొక్కావని అడుగుతారు. ఆ ఎందుకు వెనకాలే నా కొడుకు బయటపడతాడు. ఇంకొకటి కూడా ఉంది, అది సాకో నిజమో నాకే తేలడం లేదు. మా ఊళ్ళో నీరసం వస్తే సెలైను ఎక్కించుకోని మనిషి లేడు. మిరపకోతలప్పుడు నేనూ ఎక్కించుకున్నాను. సెలైనంటే బలమనే మా నమ్మకం. డాక్టరు గుండె తట్టుకోదన్నా, సీసాలో నీళ్ళు మనిషిని చంపుతాయా అనుకున్నాను.

సీసా పూర్తి కాకముందే పాప రెప్పలు ఉబ్బాయి. ఊపిరి గురగుర అంది. నోటి నుంచి నురగ వచ్చింది. డాక్టరు సూది లాగేసి దాని ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. కోడలి తల గోడకి తగులుతూ ఉంది, తగులుతూ ఉంది. ఎవరో పట్టుకున్నారు. నేను కాదు.

ఇంటికి తెచ్చిన పాప శవం ఇంకా చాప మీద ఉండగానే నా కొడుకు పెళ్ళాన్ని వాకిట్లోకి ఈడ్చాడు. నీ నెత్తుటి పాలు పట్టించి చంపావని కర్రతో చెవి మీద కొట్టాడు. నెత్తురు మెడ మీదికి కారింది. అది నావైపు చూసింది. ఒక్క మాట అంటుందేమో అత్త అని చూసింది. నేను అన్నాను, ఊరందరి ముందూ. "ఆ పాలే విషమయ్యాయి," అన్నాను.

దాని అన్న వచ్చి తీసుకుపోయాడు. ఆ చెవికి మళ్ళీ వినబడలేదట.

కొడుకు నాతోనే ఉన్నాడు. ఇప్పుడు వాడి చెయ్యి నా మీదికే లేస్తోంది. ఇది నాకు శిక్షలే అని ఊరటపడబోయాను. అదీ దొంగబుద్ధే. నేను దెబ్బలు తింటే కోడలికి ఏం తీరుతుంది?

ఈమధ్య కంచికచర్ల బస్టాండులో కోడలి పిన్ని కనబడింది. కోడలికి మళ్ళీ పెళ్ళయిందట, మగపిల్లాడట. బిడ్డని రొమ్ముకి పెట్టుకోనివ్వదట. పాలు పిండి పారబోస్తుందట. నా పాలు విషం, ఒకదాన్ని చంపాను అంటుందట. నర్సమ్మ ఎంత చెప్పినా వినదట. డబ్బా పాలు పలచగా కలిపి పడుతున్నారట. బిడ్డ చిక్కిపోతున్నాడట.

మర్నాడే నందిగామ బస్సెక్కాను. ఇల్లు కనుక్కున్నాను. గుమ్మంలో కూర్చుని సీసా కడుగుతోంది. పిలిచాను. పలకలేదు. నేను నిలబడింది చెవిటి వైపేమో. ఇంకోసారి పిలవడానికి నోరు రాలేదు. అలాగే వెనక్కి వచ్చేశాను.

అందుకే ఇది చెబుతున్నాను. కాగితం పంపితే పిన్ని దానికి చదివి వినిపిస్తానంది. టీచరమ్మకీ ఒకటి పంపుతాను. ఆమె కొట్టిన అంకె తప్పనీ, తప్పు ఆమెది కాదనీ తెలియాలి. నా కొడుకు సంగతీ దాచలేదు. చదివినవాళ్ళు ఏం చేసినా అడ్డుపడను. క్షమించమని అడగను. అడిగే నోరు కాదు ఇది.

అమ్మాయ్, నీ పాలల్లో ఏ విషమూ లేదు. తూకం మీద నొక్కింది నేను. డాక్టరు అడిగితే అబద్ధం చెప్పింది నేను. నన్ను ఎంత తిట్టుకున్నా సరే. తిట్టుకుంటూనే బిడ్డకి పాలివ్వు.

చెప్పేశాను. మాట బయటికొచ్చింది. ఇంక లోపలికి పోదు.