అత్త లెక్కపెట్టిన గామాలు

...ఏడుపొచ్చి కాదు, కోపమొచ్చి నిన్న ఈ రాత సగంలో ఆపేశాను. మా మేనత్త చనిపోయి పదకొండు రోజులైంది. గుండె ఆగిందని దవాఖానలో రాసిచ్చారు. మా వాడకట్టు ఒప్పుకోలేదు. "కిరణాలతోని ఆడుకున్నది, గవే తినేసినయ్" అన్నారు, మా ఇంట్లో చాయ్ తాగుతూనే. ఇది చదివే మీలో ఎవరైనా ఆ మాట అని ఉంటే, ఇది మీకోసమే రాస్తున్నాను.

అత్త మా డాడీకి అక్క. ఎక్కడో దూరాన ఒక ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి, రిటైరై, జహీరాబాద్‌లో మా మేడమీది గదికి వచ్చింది. ఆమె పని ఇది: కొన్ని న్యూక్లియస్‌లు వాటంతట అవే మారిపోతాయి, మారుతూ ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి తోస్తాయి. అది బీటా. మారిన న్యూక్లియస్ ఇంకా కుదురుకోకపోతే మిగిలిన శక్తిని గామా కిరణంగా వదులుతుంది. ఏ శక్తి గామాలు ఎన్ని వచ్చాయో లెక్కపెడితే, మార్పు ఏ దారిలో ఎంత జరిగిందో తెలుస్తుంది. ఆ మార్పు చేయించే, 'బలహీన బలం' అని పిలిచే ప్రకృతి బలం గురించి సిద్ధాంతం చెప్పేది నిజమేనా అని అత్త పరీక్షించేది. అంతే. బాంబులు కాదు.

ఆమె వచ్చిన కొత్తలో ఎదురింటి ఆంటీ గొడవకొచ్చింది.

"మీ పెట్టెల ఏమున్నదో ఏమో! మా పిల్లలకు ఏమన్నయితె ఎవలది జిమ్మెదారి?"

పెట్టెలో ఉన్నవి నోటుపుస్తకాలే. అత్త కిరణాలను లెక్కపెట్టే చిన్న కౌంటర్ తెచ్చి పెట్టె మీద పెట్టింది. టిక్... టిక్. తర్వాత ఆంటీ వంటింట్లోకే వెళ్లి గ్రానైట్ బండ మీద పెట్టింది. టిక్ టిక్ టిక్.

"నా పెట్టె కంటె నీ బండనే ఎక్కువ మాట్లాడుతున్నదమ్మా. గిది గూడ ఫికర్ జేసేటంత కాదు."

వారంలో ఆంటీ ఆ బండ పీకించింది. అత్తే దానికి కిరణాలు అంటించిపోయిందని అందరికీ చెప్పింది.

నాకూ భయమే. అత్త పుస్తకాలు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కునేదాన్ని. ఒకరోజు చూసింది. నవ్వలేదు.

"బయమైతె కొలువు బిడ్డా. కొలిస్తె ఎంత బయపడాల్నో ఎరుకైతది."

డాడీకి తెలియకుండా, ట్యూషన్ పేరు చెప్పి, ఆమె పాత కొలతలు సరిచూడటంలో సాయం చేశాను. గ్రాఫ్‌లో ఒకే శక్తి గామాలు గుమిగూడిన చోట ఒక శిఖరం ఉంటుంది. చుట్టుపక్కల నుంచి ఎప్పుడూ వచ్చే పిచ్చి కౌంట్లను తీసేసి శిఖరంలోవి మాత్రమే కూడాలి. సిద్ధాంతం చెప్పే అంకె ముందే కంటపడకుండా అత్త దాని మీద కాగితం ముక్క అంటించేది. ఒకసారి నేను దాన్ని ఎత్తి చూశాను. నా మొత్తం ఆ అంకెకు దగ్గరయ్యేలా కొన్ని కౌంట్లు అటూ ఇటూ జరిపాను. అత్త కనిపెట్టింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పెన్సిల్ నా ముందు పడేసింది.

"ఆ కొలత చెప్పని మాట దాని నోట్ల పెట్టినవ్. మల్ల కూడు."

మళ్లీ కూడాను. సిద్ధాంతానికి కొంచెం దూరంగానే వచ్చింది. "గట్లనే రాయి" అంది. నేను ఎవరికీ అంత భయపడలేదు. ఎవరినీ అంత నమ్మలేదు.

వాటికీ కిరణాలు అంటుకున్నాయని ఇప్పుడు పెరట్లో ఆ పుస్తకాలు కాలుతున్నాయి. డాడీ ముక్కుకు తువ్వాల కట్టుకుని, సొంత అక్క పుస్తకాలను కర్రతో మంటలోకి తోస్తున్నాడు. పొద్దున బతిమాలాను.

"ఒక్కసారి కొలుద్దాం డాడీ."

"గా మిషిన్ నిన్ననే నాలాల పడేసిన. నీకేమన్నయితె నేనేం గావాలె?" అని ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి కూడా నాకు జాలి కలగలేదు.

అందుకే నా కూడిక ఉన్న పుస్తకాన్ని దొంగిలించాను. ఒక్కటే. అత్త ప్రతి పుస్తకం వీపు మీద వరస నంబరు వేసిందన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

డాడీ నా గది తలుపు కొడుతున్నాడు.

"బిడ్డా, ఆరున్నది, ఎనిమిదున్నది. ఏడు ఏది?"

ఏడో నంబరు నా డ్రెస్ లోపల ఉంది, అట్ట పొట్టకు చల్లగా తగులుతోంది. నేను రాస్తున్న ఈ కాగితాలు కూడా దాని మధ్యలోకే.

"తలుపు తియ్యి. నిన్నేమనను. జర చేతులు కడుక్కుందువు రా."