టింగమ్మ మూగ మెట్టు

మా సంగీత పాఠశాలలో ఉచిత సీటు పిల్లలకు పై అంతస్తు నిషిద్ధం. ఫీజు కట్టిన వేళ్ళకు పైన గాజు కిటికీల గదులు, తళతళలాడే పియానోలు. ఉచిత వేళ్ళకు కింద నేలమాళిగ, నీళ్ళ మోటారు పక్కన ఒక ముసలి పియానో. దాంట్లో నడిమికి కాస్త కుడిగా ఒక తెల్ల మెట్టు మూగది. నొక్కితే టక్కుమని చెక్క చప్పుడు తప్ప స్వరం రాదు. ఆరేళ్ళు దాని మీదే సాధన చేసిన మా టింగమ్మ ఒక్కనాడూ కిక్కురుమనలేదు. ఆ మెట్టు వచ్చినప్పుడల్లా తలెత్తి, కళ్ళు మూసుకుని, రావాల్సిన స్వరాన్ని నోటితో పాడేసేది.

"టింగ్!"

వేగంలో ఊపిరి చాలక ఒకటీ అరా మింగేసేదేమో గానీ, ఆ మెట్టు ఒంటరిగా వచ్చిందంటే టింగ్ ఖాయం. శ్రుతి వెంట్రుకవాసి కూడా తప్పేది కాదు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలోనే ఉండిపోయింది.

నేను ఆమెకంటే రెండేళ్ళు పెద్ద. అదే నేలమాళిగ, అదే ఉచిత సీటు. నా వేళ్ళు వాయించడానికి పనికిరావని మూడో ఏడు తేలిపోయాక, పక్కన కూర్చుని ఆమె స్వరాల కాగితాలు తిప్పే పనిలో కుదురుకున్నాను.

టింగమ్మ ఇంట్లో పియానో లేదు. వాళ్ళమ్మ దర్జీ. ఆవిడ బట్టలు కత్తిరించే బల్ల మీద టింగమ్మ సుద్దముక్కతో మెట్లన్నీ గీసుకుని వాయించేది.

"కాస్త అటు జరగవే, చొక్కా చెయ్యి కత్తిరించాలి."

"అమ్మా, ఎడమచేతి మెట్లన్నీ చెరిపేశావు!"

"చెరపలేదే, అంటుకుపోయాయి."

నిజమే. ఆ వీధిలో సగం మంది వీపుల మీద అరడజను పియానో మెట్లు ఉండేవి.

పాఠశాలలో ఫిర్యాదుల పుస్తకం నేలమాళిగ తలుపుకే దారంతో వేలాడుతుండేది. నేను చిన్నప్పటి నుంచీ అర్జీలు రాసే రకాన్ని. పెన్ను మూత తీశానో లేదో, టింగమ్మ నా చెయ్యి పట్టేసుకునేది.

"రాశావంటే నీతో మాట్లాడనక్కా."

"అన్యాయాన్ని భరించడం కూడా తప్పేనే!"

"నీ ఉపన్యాసం పైన గాజు కిటికీల దగ్గర చెప్పు, బాగా మోగుతుంది. ఇక్కడ నీళ్ళ మోటారు ఉంది, వినబడదు."

పిరికిది అనుకున్నాను. నెలకోసారి ట్యూనర్ తాతగారు వచ్చేవారు. పాఠశాల పియానోలన్నీ శ్రుతి చేసేది ఆయనే. ఆ రోజు మాత్రం టింగమ్మ నన్ను గదిలోంచి తరిమేసేది.

"మంచినీళ్ళు తేవా అక్కా."

"సీసా నిండుగానే ఉందిగా?"

"అవి పాతవి."

చివరి పరీక్ష పైన జరిగింది. బంగారంలాంటి పియానో, అన్ని మెట్లూ పలికేవే. అయినా టింగమ్మ తలెత్తి "టింగ్!" అంది. ముగ్గురు పరీక్షకులూ ఉలిక్కిపడ్డారు. ఒకాయన కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, ఇది పియానో పరీక్షా, గాత్ర పరీక్షా?" అన్నాడు. మొదటి స్థానం రావాల్సింది, రెండో స్థానమిచ్చి పంపేశారు. దూరంగా గోడవార నిలబడిన ట్యూనర్ తాతగారొక్కరే చప్పట్లు కొట్టారు.

అయినా ప్రతిభ ఆగుతుందా? ఇరవై రెండేళ్ళకే కచేరీలు మొదలయ్యాయి. మొదటి కచేరీ గురించి పత్రికలో ఇలా రాశారు: "పియానో అద్భుతం. కాగితాలు తిప్పే మనిషి మధ్యమధ్య పిట్టలా కూయడం దుర్భరం." ఆ ముక్క చూపించి టింగమ్మ నన్ను వారం రోజులు ఏడిపించింది.

రికార్డింగ్‌కు వెళ్ళాం. అక్కడ ఒక్క టింగ్ కూడా లేదు! నేను నోరెళ్ళబెట్టాను.

"మరి మానగలవే! స్టేజీ మీద ఏం రోగం?"

"అక్కడ వేరు, ఇక్కడ వేరు."

చివరికి పెద్ద హాల్లో అవకాశమొచ్చింది. అక్కడ పేరొస్తే ఇక వెనక్కి చూడక్కర్లేదు. తెర లేచే ముందు హాలు మేనేజరు వచ్చాడు. "మీ నోట్లోంచి ఒక్క చప్పుడు వచ్చినా ఈ హాల్లో ఇదే మీ ఆఖరి కచేరీ" అనేసి వెళ్ళిపోయాడు. టింగమ్మ తెర సందులోంచి ముందు వరస చూసి మొహం వేలాడేసింది. ప్రతి కచేరీలో లాగే ట్యూనర్ తాతగారు అక్కడే కూర్చున్నారు.

చివరి పాటలో చేతులు రెండూ ఆగిపోయి, ఆ మెట్టొక్కటే మిగిలే చోటొకటుంది. అక్కడికొచ్చింది. వేలు గాల్లో ఆగింది. పక్క తెర చాటున మేనేజరు. ముందు వరసలో తాతగారు. టింగమ్మ గొంతులో ఏదో అటూ ఇటూ కొట్టుకోవడం నాకు కనబడుతూనే ఉంది. కాగితం తిప్పడం మర్చిపోయాను.

"టింగ్!"

ముందు వరసలోంచి. బొంగురుగా, అపశ్రుతిగా, హాలంతా మోగేలా.

తాతగారు!

జనం గొల్లుమన్నారు. టింగమ్మ నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే మెట్టు నొక్కి పాట ముగించింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టారంతా. మేనేజరు ఏమనగలడు? చప్పుడు ఆమె నోట్లోంచి రాలేదుగా!

తర్వాత లోపలి గదిలో టింగమ్మ తాతగారి చెవిలో అరిచింది: "ఆ టింగ్ నాదని మీకు తెలుసా?"

"అంత అరవకమ్మా, ఈ చెవి కాస్త నయం. తెలియకేం? చెవులు మందగించాయి గానీ కళ్ళు బాగానే ఉన్నాయి. పియానో మూత పాలిష్‌లో నీ నోరు కనబడేది."

అప్పుడు తెలిసింది నాకు. ఒక పియానో మీద మూడు ఫిర్యాదులు పడితే ట్యూనర్‌ను తీసేయాలని ఆఫీసు రూలట. తాతగారు వంగి, "పలికిందా?" అని అడిగితే, టింగమ్మ మెట్టు నొక్కి గట్టిగా టింగ్ అనేది. ఆయన సంతోషంగా వెళ్ళిపోయేవారు. పరీక్షలోనూ, కచేరీల్లోనూ ఆ టింగ్ వినబడకపోతే, కింద విన్నది మెట్టు కాదు తన గొంతని ఆయనకు అనుమానమొస్తుందని మొదటి స్థానం కూడా వదులుకుంది.

"తెలిసీ మెట్టు బాగుచెయ్యలేదేం తాతగారూ?" అన్నాను.

"లోపల తీగను కొట్టే సుత్తి ముక్క విరిగింది. పంపమని ఆఫీసుకు ఆరుసార్లు రాశాను. నేలమాళిగకు ఎందుకన్నారు." ఆయన టింగమ్మ తల మీద చెయ్యి వేశారు. "ఇక ఈ పిల్లకు చెబితే పాడటం మానేస్తుందిగా? నేను కిందికి దిగేదే ఆ టింగ్ కోసం."

మర్నాడు పత్రికలో: "పిట్ట ఈసారి ముందు వరసకు మారింది."

పోయిన నెల తాతగారు రిటైరయ్యారు. ఆ సాయంత్రమే టింగమ్మ మా ఇంటికొచ్చి పెన్ను నా చేతిలో పెట్టింది. "ఇక ఎవరి ఉద్యోగమూ పోదక్కా. రాయి."

రాశాను. నా ఒక్కదాని ఉత్తరానికి ఆఫీసు కదలదు. చదివిన మీరు కూడా ఒక్కో కార్డు ముక్క ప్రిన్సిపాల్ పేర రాయండి. నేలమాళిగ పియానోకు సుత్తి ముక్క పంపమనండి, పై గదుల తలుపులు అందరికీ తెరవమనండి. ఆలస్యం చెయ్యకండి. ఇప్పుడు ఆ పియానో ముందు కూర్చుంటున్న పిల్లది మంచి మనసే గానీ బొంగురు గొంతు. ఆ పిల్లకు టింగ్ రావట్లేదు, డొంగ్ వస్తోంది.