తూనీగ ఆగిన పూట

ఆమెను పుట్టింట్లో అందరూ తూనీగ అనేవారు. పెళ్ళయ్యాక ఆ పేరు మొగుడి చెవిన కూడా పడింది. ఆయనకది మహా నచ్చింది. పళ్ళు తోముకుంటూ మూడు గదులూ చుట్టి వచ్చే మనిషిని మరేమని పిలవాలి? అన్నం తినేటప్పుడు కూడా సగం కుర్చీలో, సగం బయట. ఎవరైనా బెల్లు కొడితే ఆ మోత ఆగేలోపు తలుపు దగ్గరుండేది.

అలాంటి మనిషికి దొరికింది కూర్చుని చేసే ఉద్యోగం. కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న ల్యాబులో పని. డాక్టర్ల దగ్గర్నుంచి వచ్చిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గులాబీరంగు మైనంతో చిగుళ్ళు దిద్ది, అందులో ఒక్కో పన్నూ నిలబెట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అవతల ఎవరికో నోరు సరిగా మూతపడదు. చేతులు వణక్కూడదు. ఆమె చేతులు వణికేవి కావు. చేతుల్లో ఆపుకున్నదంతా కాళ్ళలోకి దిగేది. బల్ల కింద పాదం ఆడుతుంటే బల్లమీద సీసాలు గలగలమనేవి. చివరికి పక్కనతను ఎక్కడినుంచో రబ్బరు ముక్క తెచ్చి ఆమె కాళ్ళకింద పరిచాడు.

ఇంటికొస్తే తొమ్మిదేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు. భర్త ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతూ అయినా ఉంటాడు, నిద్ర కోసం చూస్తూ అయినా ఉంటాడు. పిల్లల్ని బడిలో దింపడం, తేవడం, వంట, బట్టలు, అన్నీ ఉరుకులు పరుగుల మీద అయ్యాక కూడా ఆమె ఒళ్ళు ఊరుకునేది కాదు. పడుకుంటే పిక్కల్లో చీమలు పాకినట్టుండేది. డాక్టరు పరీక్షలన్నీ చూసి, రోగమేమీ లేదు, ఏదైనా వ్యాయామం చెయ్యమన్నాడు.

ఆ వారమే ల్యాబు ఎదురుగోడ మీద ట్రయథ్లాన్ పోస్టరు అంటించారు. ముందు చెరువులో ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు. మూడూ ఒకే పూటలో అయిపోతాయి, టైము కలిసొస్తుంది అనుకుని పేరిచ్చేసింది. ఇంటికొచ్చి చెబితే భర్త అంతా విని ఒక్కటే అడిగాడు.

"నీకు ఈతొచ్చా?"

"నేర్చుకుంటా. ఇంకా నాలుగు నెలలుందిగా."

ఆయన తలగడ మొహమ్మీద పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు.

పరుగు ముక్కలు ముక్కలుగా సాగింది. పొయ్యి మీద గిన్నె పెట్టి వీధి చివరిదాకా ఒకటి, గిన్నె దించి ఇంకొకటి. కూర మాడిన రోజున ఎవరూ ఏమీ అనలేదు గానీ, కొడుకు మాత్రం నల్లముక్కలన్నీ ఏరి తల్లి కంచంలో వేశాడు. ఎవరో వాడి వదిలేసిన సైకిలు కొని, వెనక పిల్లవాడి సీటు బిగించింది. వాడు వెనక కూర్చుని, ముందుపోయే బస్సును దాటమని హుకుం జారీ చేసేవాడు. వానపడితే సైకిలును బాల్కనీలో స్టాండు మీద ఎక్కించి అక్కడే తొక్కేది. కూతురు పక్కన గుమ్మంలో కూర్చుని పాఠం అప్పజెప్పేది. కిందింటాయన ఒకసారి పైకొచ్చి, ఇంట్లో పిండిమర గానీ పెట్టారా అని మర్యాదగానే అడిగి వెళ్ళాడు.

ఈత దగ్గరే వచ్చింది చిక్కంతా. ఈతకొలనులో దిగిన దగ్గర్నుంచి కాళ్ళూ చేతులూ తపతపా కొట్టేది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు చేరేసరికి కొలనులో సగం నీళ్ళు గట్టుమీద ఉండేవి. నేర్పే పెద్దాయన కొన్నాళ్ళు ఓపికగా చూశాడు.

"మీరు ఈదట్లేదమ్మా, పారిపోతున్నారు," అన్నాడు. "ముందు వెల్లకిలా పడుకోండి. ఏమీ చెయ్యకండి. నీళ్ళే మోస్తాయి."

ఏమీ చెయ్యకుండా ఉండడమే ఆమెకు చేతకాలేదు. కాసేపు తేలేది, అంతలో ఏదో గుర్తొచ్చేది, కాళ్ళు మునిగేవి. చివరికి పెద్దాయన ఆ పాఠం పక్కనపెట్టి, ఊపిరి తీసుకోవడం నేర్పి, దేవుడిమీద భారం వేశాడు.

మూడో నెలలో కూతురి బడిలో తల్లిదండ్రులను రమ్మన్నారు. ఆమె సైకిలు మీదినుంచి దిగి హెల్మెట్టుతోనే లోపలికెళ్ళింది. టీచరు చెబుతున్నంతసేపూ ఆమె చూపు గోడ గడియారం మీదే ఉంది. పాదం యథాప్రకారం ఆడుతోంది. కూతురు మెల్లగా చెయ్యి చాపి తల్లి మోకాలు పట్టుకుని అదిమింది. టీచరు చూసి, చూడనట్టే మాట్లాడుతూ పోయింది.

బయటికొచ్చాక కూతురు అడిగింది. "అమ్మా, నువ్వు ఎక్కడికి వెళ్ళాలని అంత తొందర?"

ఎక్కడికీ లేదే అంది. అది నిజమే. అందుకే మరీ గుచ్చుకుంది. ఆ రాత్రి భర్తకు చెబితే ఆయన జోకు వెయ్యలేదు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా నువ్వు ఇంట్లో ఉండవు, అది నాకు అలవాటైపోయింది, పిల్లలకింకా అలవాటు కాలేదు అన్నాడు.

మర్నాటి నుంచి పరుగు, సైకిలు, ఈత అన్నీ మానేసింది. సాయంత్రాలు సోఫాలో పిల్లల మధ్య కూర్చుంది. రెండో రోజుకే అలమరల్లోవన్నీ కిందకు దించింది. ఆ తర్వాత బొమ్మలను సైజుల వారీగా నిలబెట్టింది, భర్త చొక్కాల గుండీలన్నీ లాగి లాగి చూసింది, నిద్రపోతున్న కొడుకును రెండుసార్లు జరిపింది. కాలుగాలిన పిల్లి కూడా అంత తిరగదు. వారం గడిచాక కూతురే మొరపెట్టుకుంది.

"నువ్వు పరిగెత్తడానికి వెళ్ళమ్మా. ఇంట్లో ఉంటే మమ్మల్ని కూడా సర్దేస్తున్నావ్."

మళ్ళీ వెళ్ళింది. ఈసారి పిల్లలున్నవేళ పిల్లలు, పరుగున్నవేళ పరుగు అనుకుంది. సగం రోజులు కుదిరింది.

పోటీనాడు పొద్దున్నే చెరువుగట్టు మీద జనం, వాళ్ళలో భర్తా పిల్లలూ. రంగురంగుల టోపీలతో అందరూ ఒక్కసారిగా నీళ్ళలోకి దూకారు. ఎవరి మడమో ఆమె మొహాన తగిలింది. ఈత కళ్ళద్దాల్లోకి నీళ్ళొచ్చాయి. కొలనులో అడుగు కనిపించేది, ఇక్కడ కింద ఆకుపచ్చ చీకటి. ఊపిరి అందలేదు. చేతులు కొట్టేకొద్దీ ఉన్న ఊపిరి కూడా పోతోంది. పడవలో ఉన్నతను దగ్గరికొచ్చి, పడవ పట్టుకోండి, పట్టుకున్నంత మాత్రాన పోటీనుంచి తీసెయ్యరు అన్నాడు.

ఆమె పట్టుకోలేదు. ఎందుకో వెల్లకిలా తిరిగింది. చెవులు నీళ్ళలోకి పోగానే చప్పుడంతా ఆగిపోయింది. పైన మబ్బు. కొడుకు స్వెట్టరు గుండీలు పెట్టానా లేదా అనుకుంది. పెట్టకపోతే వాళ్ళ నాన్న పెడతాడులే అనుకుంది. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. టోపీలన్నీ ఒక్కొక్కటే ఆమెను దాటిపోయాయి. ఎంతసేపు అలా ఉందో ఆమెకు తెలియదు. ఊపిరి దానంతటదే కుదురుకున్నాక బోర్లా తిరిగి, నెమ్మదిగా ఈదుకుంటూ వెళ్ళింది.

సైకిలు మీద మధ్యలో చైను ఊడింది. పళ్ళు నిలబెట్టే వేళ్ళకు చైను ఎక్కించడం పెద్ద పనేం కాదు, గ్రీజే మోచేతులదాకా అంటింది. పరుగులో మోకాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టనిపించింది. చివర్లో కొడుకు దారికి అడ్డం కట్టిన తాడు కిందనుంచి దూరి వచ్చి ఎత్తుకోమన్నాడు. నువ్వే నన్ను ఎత్తుకోరా అంది. వాడు ఆలోచనలో పడ్డాడు, అక్క వచ్చి లాక్కుపోయింది. ఆమె ముగింపు గీత దాటేసరికి కుర్చీలు సర్దేస్తున్నారు. ఎవరో మెళ్ళో పతకం వేసి చప్పట్లు కొట్టారు. ఆమె గడ్డిలో కూలబడి ఏడ్చింది, మళ్ళీ నవ్వింది.

భర్త ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన ప్యాంటు తొడలదాకా తడిసి, సగం ఆరి బురద కట్టి ఉంది. ఒక కాలికి బూటు లేదు.

"ఏమిటిది?" అంది.

"నువ్వు నీళ్ళలో ఆగిపోయావు," అన్నాడాయన. "నువ్వు కదలకుండా ఉండడం నేనెప్పుడూ చూళ్ళేదు. దిగేశాను."

"మీకు ఈత రాదుగా."

"దిగాకే గుర్తొచ్చింది."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాత నలుగురూ చెరువుగట్టుకు వెళ్ళి బురదలో బూటు కోసం వెతికారు. పిల్లలు పుల్లలతో కెలికారు. పోతే పోయిందిలే, పాతదే, ఇంటికి పోదాం పదమని ఆయన రెండుమూడు సార్లు అన్నాడు. ఆమె అప్పటికే మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, రెండు చేతులతో అడుగు తడుముతోంది.