హాల్లో చెప్పాల్సిన సారీ

2023 ఆగస్టు. నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతున్నాను. దాంతోపాటు ఓరియెంటేషన్ ఇన్‌చార్జిని కూడా. ఓరియెంటేషన్ అంటే ఫస్టియర్ పిల్లలు చేరగానే వాళ్లకు కాలేజీని పరిచయం చేసే కార్యక్రమం. ల్యాబులెక్కడ, మెస్సెక్కడ, ఇంటి మీద బెంగ పుడితే ఎవరి దగ్గరికి పోవాలి, ఇవన్నీ చెప్పేది మేం కాదు, సీనియర్ విద్యార్థులు. వాళ్లనే ఓరియెంటేషన్ లీడర్లు అంటాం. ఒక్కొక్కరికీ ముప్పై మంది కొత్తపిల్లల్ని అప్పజెబుతాం. ప్రతిఫలంగా వాళ్లకు దక్కేది ఒక బ్యాడ్జీ, ఒక సర్టిఫికెట్టు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని స్టాఫ్‌రూంలో అంటుంటారు. అననీ. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ వస్తుంది, రావాలి కూడా.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఆడపిల్లలైన లీడర్లు పట్టుచీరలు కట్టుకుని, పన్నీరు బుడ్లు, పటికబెల్లం పళ్లేలు పట్టుకుని పెళ్లివారిలా హాలు గుమ్మం దగ్గర నిలబడాలి. గెస్టులు వెళ్లేదాకా కూర్చోకూడదు. గెస్టులు తిన్నాక ఏమైనా మిగిలితే తినాలి. ఇదేం పద్ధతని అడిగితే మా ఏఓ గారిది, అంటే కాలేజీ ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుది, ఎప్పుడూ ఒకటే జవాబు. "మన పిల్లలే కదా మేడమ్, సర్దుకుంటారు." నన్నడిగితే ఇంతగా ఒళ్లు మండించే మాట ఇంకోటి లేదు. సర్దుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రమే వాళ్లు మన పిల్లలు.

ఆ ఏడాది లీడర్లలో ఎస్తేరు అని థర్డియర్ అమ్మాయి ఉండేది. బుచ్చిరెడ్డిపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చేది. మాట మెత్తన, పని చురుకు. పిన్నమ్మ దగ్గర అడిగి తెచ్చుకున్న పట్టుచీరలో పొద్దుటి నుంచి గుమ్మం దగ్గర నిలబడే ఉంది. ముఖ్య అతిథి ఎంతకీ రాలేదు. ఇంతలో హాల్లో తన గ్రూపు అమ్మాయి కావ్య వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. దొరవారిసత్రం పిల్ల, ఇల్లు వదిలి ఉండటం అదే మొదలు. ఎస్తేరు పళ్లెం పక్కన పెట్టి, ముందు వరసలో తెల్లగుడ్డ తొడిగిన కుర్చీ ఒకటి లాక్కుని, ఆ పిల్ల పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. లీడరు చేయాల్సిన పని సరిగ్గా అదే.

మైకు సంగతి చూసుకుని నేను హాల్లోకి వచ్చేసరికి ఏఓ గారి గొంతు ఖంగుమంటోంది.

"ఏందమ్మా, గెస్టుల కుర్చీలో కూర్చునేదానికి సిగ్గులేదా? లెయ్యి!"

"ఈ పాప ఏడుస్తా ఉంటే సార్..."

"ఎదురు మాట్లాడతావా? ఆ బ్యాడ్జీ ఇట్టియ్యి!"

ముప్పై మంది కొత్తపిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా ఎస్తేరు చీర మీద నుంచి బ్యాడ్జీ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కావ్య మాత్రం లేచి, బయట చెట్టు నీడన ఉన్న వాళ్ల నాన్న దగ్గరికి పరిగెత్తింది. పది నిమిషాల్లో ఆయన ఆఫీసులో సర్టిఫికెట్లు వెనక్కి ఇమ్మని అడుగుతున్నాడు.

అప్పుడు చూడాలి హడావుడి! సీటు పోతోందని కరస్పాండెంటు గారికి, అంటే కాలేజీ యజమానికి, కబురు వెళ్లింది. ఆయన ఫోన్ రాగానే ఏఓ గారి గొంతులో తేనె ఊరింది. కావ్య నాన్నను ఏసీ గదిలో కూర్చోబెట్టి, నా ఎదుటే చేతులు జోడించి సారీ చెప్పాడు. పెద్దాయనకు మంచినీళ్లు తెమ్మని ఎవరిని పిలిచాడనుకున్నారు? ఎస్తేరునే! ఆ పిల్ల గ్లాసు తెచ్చి ఇచ్చి, ఓ పక్కగా నిలబడింది.

కావ్య నాన్న గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "మీరు నన్నేమన్నారు సార్, నాకు చెప్పేదానికి? ఈ పాపను గదా అన్నింది."

ఏఓ గారు ఎస్తేరు వైపు తిరిగాడు. "సర్లేమ్మా, సారీ. పో, పోయి గుమ్మం కాడ నిలబడుకో."

ఎస్తేరు కదల్లేదు. "హాల్లో చెప్పండి సార్. మీరు తిట్టింది నా గ్రూపు పిల్లకాయలందరూ చూసినారు. రేపు నేను చెప్పేది వాళ్లెందుకు వింటారు?"

ఆయన మొహం కందగడ్డయింది. "చూసినారా మేడమ్? నెత్తికెక్కించుకుంటే ఇట్టనే ఉంటది."

"తిట్టడానికి హాలు కావాల్సొచ్చింది, సారీకి ఏసీ గది కావాలా సార్?" అన్నాను. నా గొంతు వరండా దాకా వినబడిందట. వినబడనీ.

ఆయన హాల్లో సారీ చెప్పలేదు. కావ్య నాన్న మాత్రం సర్టిఫికెట్ల మాట వదిలేసి, పిల్లను ఎస్తేరుకు అప్పజెప్పి వెళ్లాడు. మర్నాడు పొద్దున లీడర్లంతా మామూలు బట్టల్లో వచ్చి తమ బ్యాడ్జీలు నా టేబుల్ మీద పెట్టేశారు. "ఎస్తేరక్కకు లేని బ్యాడ్జీ మాకొద్దు మేడమ్" అన్నారు. కరస్పాండెంటు గారు ఫోన్ చేసి, మీ పిల్లలకు మీరే సర్దిచెప్పుకోండి అన్నారు. ఆ పూటకు వాళ్లు నా పిల్లలైపోయారు!

నేను సర్దిచెప్పలేదు. ఏఓ గారి దగ్గరికి అటెండర్ని పంపి ఎస్తేరు బ్యాడ్జీ తెప్పించి, హాల్లోకి వెళ్లి మైకు తీసుకున్నాను. "నిన్న మీ ముందర ఎస్తేరును తిట్టారు. ఏడుస్తున్న పిల్ల పక్కన కూర్చోవడం తన పని, ఆ పనే చేసింది. తప్పు కాలేజీది. కాలేజీ తరఫున నేను క్షమాపణ చెబుతున్నాను" అన్నాను. ఏఓ గారు తలుపు దగ్గరే ఉన్నాడు. విని వెళ్లిపోయాడు.

అందరూ లేచి చప్పట్లు కొట్టారని రాస్తే బాగుంటుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. ఎస్తేరు వచ్చి నా చేతిలోంచి బ్యాడ్జీ తీసుకుని పెట్టుకుంది. కావ్య జరిగి పక్కన చోటిచ్చింది. ఎస్తేరు కూర్చుని, ఆ రోజు చూడాల్సిన ల్యాబుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు విన్నారు.

ఆ సంగతి నాకు నేర్పింది చెబుతాను. గుమ్మంలో నిలబడి నవ్వమని పురమాయించినంత మాత్రాన కొత్తవాళ్లకు స్వాగతం దక్కదు. ఆ నవ్వే పిల్లల్ని మనం ఎలా చూస్తున్నామో వాళ్లు మొదటి గంటలోనే కనిపెట్టేస్తారు. అందుకే ఇప్పుడు లీడర్లకు కుర్చీలు వేయించాకే గుమ్మానికి తోరణం కట్టిస్తున్నాను. గెస్టులతో పాటే వాళ్లకూ విస్తళ్లు పడతాయి. పట్టుచీరలు, పన్నీరు బుడ్లు లేవు. ఎవరికైనా ఏమైనా చెప్పాలంటే పక్కకు పిలిచి చెప్పాలి. ఇందుకు ఒప్పుకుంటేనే ఇన్‌చార్జిగా ఉంటానన్నాను. మేడమ్‌కు పొగరెక్కువ అని ఏఓ గారు ఇప్పటికీ అంటుంటారట.

ఎస్తేరు చదువు పూర్తయి కృష్ణపట్నంలో ఒక కంపెనీలో చేరింది. మొన్న నెల్లూరు బస్టాండులో కనబడింది. కాసేపు ఆ కబురూ ఈ కబురూ అయ్యాక అడిగింది.

"పిల్లకాయలు కూర్చుంటా ఉండారా మేడమ్?"

"కూర్చుంటున్నారమ్మా."

"సారు హాల్లో సారీ చెప్పినాడా?"

"లేదమ్మా" అన్నాను.

తన బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయింది. ఏఓ గారు ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. ఆ హాలూ అక్కడే ఉంది.