అట్ట మీది ఐదుగురు

మగ్గానికి గుడ్డ బిగించాక గోటితో ఒకసారి కొట్టి చూస్తాం. వదులుగా ఉంటే చప్పుడు మెత్తగా వస్తుంది, సరిగ్గా బిగిస్తే టక్కుమంటుంది. నిన్న ఉదయం జమ్మలమడుగులోని మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన అమ్మాయి పెళ్లి రవిక గుడ్డ బిగించి, ఊరికే ఉండలేక రెండు చేతుల గోళ్లతో వరసగా వాయించింది. ఆ టకటకలు వినగానే నా చేతిలో సూది ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కిందట ప్రొద్దుటూరులో మేమూ ఇలాగే వాయించేవాళ్లం, టేప్‌రికార్డరులో ఒక ఇంగ్లీషు పాట మొదట్లో వచ్చే డ్రమ్ములకు జతగా. వెంటనే ఖైరూన్ ఆపా కళ్లముందు నిలిచింది. నాకు మగ్గం వర్క్ నేర్పింది ఆమే. పోయి రెండేళ్లయింది. పనితో పాటు ఆమె ఇంకొకటి కూడా నేర్పింది. అది చెప్పాలంటే ముందు ఆ క్యాసెట్టు సంగతి చెప్పాలి.

ఆపా ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలు, వాటి చుట్టూ ఆపాతో కలిపి ఆరుగురం ఆడవాళ్లం. ఆమె భర్త కువైట్‌లో ఒక ఇంట్లో కారు డ్రైవరు. ఒకసారి సెలవుకు వస్తూ, ఆ ఇంటివాళ్లు వద్దనుకున్న టేప్‌రికార్డరు తెచ్చాడు. దాంతో పాటు వాళ్లబ్బాయి వదిలేసిన క్యాసెట్టు ఒకటి వచ్చింది. అట్ట మీద ఐదుగురి ఫోటో. భుజాలు దాటిన జుట్టు, అప్పుడే తలంటుకుని సాంబ్రాణి పట్టినట్టు ఉబ్బి ఉంది. కళ్లకు కాటుక, పెదాలకు రంగు, మెడలో గొలుసులు, ఒంటి మీద చమ్కీల కోట్లు. గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు, మా చర్చిలో పాటలు పాడే అక్కలు కూడా అందుకోలేనంత పైకి పోయేది. వాళ్లు ఆడవాళ్లు కారేమోనన్న అనుమానం మాకు కలలో కూడా రాలేదు.

మొదటి రోజు నాకు తలనొప్పి వచ్చిందన్న మాట నిజం. నెల తిరిగేసరికి పాటలన్నీ వరస తప్పకుండా నోటికొచ్చేశాయి. మాటలు తెలియవు గనక ఎవరికి తోచింది వాళ్లు పాడుకునేవాళ్లం. ఆపాకు మాత్రం పాట కంటే ముందు పని కనపడేది. ఫోటోను వెలుతురుకు పట్టి, కోటు భుజం మీద మెరుపుతీగలా పోయిన చమ్కీల వరసను సూదిమొనతో చూపించేది. ఎవరు కుట్టారో గాని ఒక్క కుట్టు పక్కకు పోలేదని ముచ్చటపడేది. చివరికి దాన్ని రవిక చేతుల మీదికి దించేసింది. ఆ రోజుల్లో పీటల మీద తలవంచుకుని కూర్చున్న ప్రొద్దుటూరు పెళ్లికూతుళ్లలో ఎంతమంది చేతుల మీద ఆ మెరుపు ఉండేదో! అది ఎక్కడిదో వాళ్లకూ తెలియదు, పురోహితులకూ తెలియదు.

నేను అప్పట్లో మాట్లాడితే పక్కనున్న వాళ్లకు కూడా వినపడేది కాదు. బళ్లో హాజరు పలికినా వినపడక ఆబ్సెంటు వేసేవారు. ఆపాకు అది చూస్తే ఒళ్లు మండేది. అట్టను టేప్‌రికార్డరుకు ఆనించి నిలబెట్టి, ఒకరోజు నా గడ్డం పట్టుకుని అటు తిప్పింది.

“ఆ నడాన ఉండే ఆమెను చూడమ్మి. అంతమంది ముందర నోరంతా తెరిచి పాడతాండాది. నీకేమో దారం కావాలని అడగనీక గొంతు రాదు.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచి ఆ నడిమి మనిషిని దొంగచూపులు చూడడం మొదలుపెట్టాను. బస్సులో జమ్మలమడుగులోని ఇంటికి పోతూ ఆమెలాగా నోరు తెరిచి చూసుకునేదాన్ని, శబ్దం మాత్రం రానిచ్చేదాన్ని కాదు.

ఏడాది గడిచింది. పని చేతికి పట్టుబడింది. ఆ సమయంలో ఎవరో మా నాయన చెవిన వేశారు, అక్కడ ఆడపిల్లలు రోజంతా దయ్యాల పాటలు పెట్టుకుని అరుస్తున్నారని. నాయన చర్చిలో పెద్ద. ఒక మధ్యాహ్నం చెప్పకుండా బస్సెక్కి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. పాటలో సరిగ్గా అందరం గొంతెత్తి పాడే చోటు అది. ఆపా టేపు ఆపింది. నాయన అట్ట మీది ఐదుగురినీ చూసి చూపు తిప్పుకుని, “ఏమనుకోవద్దమ్మా, రేపట్నుంచి మా కరుణ పనికి రాదు,” అన్నాడు.

పని మానేస్తే ఇంట్లో గోడల మధ్యే నా బతుకు తెల్లారిపోతుందని తెలుసు. ఆపా నా తరపున మాట్లాడుతుందని ఎదురుచూశాను. ఆమేమో నా వైపు తిరిగి, “నీ నోట చెప్పమ్మి, వస్తావా, రావా?” అంది. అప్పుడు ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

“వస్తా నాయనా. ఈ పని నాకు కావాల.”

అనుకున్న దానికంటే ఎంతో గట్టిగా వచ్చింది. నాయన ఒకడుగు వెనక్కి వేశాడు. నా గొంతు ఆయన కూడా అప్పుడే మొదటిసారి విన్నట్టున్నాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మరునాడు పొద్దున లేచి చూస్తే, నా క్యారియర్‌లో అన్నం ఆయనే సర్దుతున్నాడు.

తర్వాత నేను జమ్మలమడుగులోనే సొంతంగా మగ్గాలు పెట్టుకున్నాను. చేతికి ఫోన్ వచ్చాక, అట్ట మీది అక్షరాలు గుర్తు చేసుకుని ఆ పాటల కోసం వెతికాను. దొరికాయి. ఏ దేశాల వాళ్లో, ముప్పై ఏళ్లుగా ఇవే వింటున్నామని, ఇవి లేకపోతే బతికేవాళ్లం కాదని ఆ వీడియోల కింద రాసుకున్నారు. మాలాంటి వాళ్లు ఇంతమందా అని కళ్లు చెమర్చాయి. ఆ సంతోషంలోనే ఇంకో వీడియో నొక్కాను. బట్టతలలు, తెల్లగడ్డాలు, బొజ్జలు. ఐదుగురు ముసలి మగవాళ్లు అవే పాటలు పాడుతున్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్తున్నాను, నన్నెవరో మోసం చేసినట్టనిపించింది. నా ధైర్యమంతా ఆ నడిమి ఆమెది అనుకున్నాను గదా, ఆమే లేదు. ఆపాకు చెప్పడానికి నోరు రాలేదు. ఆమె పెంచుకున్న నమ్మకాన్ని నా చేతులతో ఎలా తుంచను? అలా ఏడాది దాచాను. చివరికి ఒక ఆదివారం చర్చి అయ్యాక ప్రొద్దుటూరు పోయి, జబ్బుతో మంచం పట్టిన ఆమె పక్కన కూర్చుని చెప్పేశాను.

ఆపా కళ్లజోడు తెప్పించుకుని ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత మొదలైన నవ్వు దగ్గుగా మారి, నీళ్లు తాగిస్తే గాని ఆగలేదు.

“మగోళ్లంట! సూడు ముసలోళ్లను, ఎంత మోసం చేసినారో,” అని కళ్లు తుడుచుకుంది. నేను నవ్వకపోవడం చూసి నా చెయ్యి పట్టుకుంది. “ఏందమ్మి, దిగులా? ఆ పొద్దు మీ నాయన ముందర మాట్లాడింది ఎవురు, వాళ్లా?”

నేను తల అడ్డంగా ఊపాను.

“ఆ అట్టలో ఆడోళ్లు లేకపోతే పోనీ. ఈడ ఆరుగురం ఉంటిమి గదా.”

ఆ మాట అని, పాట పెట్టమంది. పక్క గదిలో నుంచి ఆపా కోడలు వచ్చి చూసేదాకా, చెరొక మాట పాడుకుంటూ ఇద్దరం మంచం పట్టె మీద వాయిస్తూనే ఉన్నాం.

ఇప్పుడు నా దగ్గర తొమ్మిది మంది అమ్మాయిలు పనిచేస్తున్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి తండ్రో, అన్నో, మొగుడో వచ్చి గడప దగ్గర నిలబడతాడు. సర్దిచెప్పే మాటలు నాకు బోలెడు వచ్చు, నాలుక చివరిదాకా వస్తాయి కూడా. వాటిని మింగేసి ఆ అమ్మాయి వైపు తిరుగుతాను. కొందరు తలెత్తరు, కొందరి పెదాలు మాత్రమే కదులుతాయి. నా మీద కోపమొస్తే రానీ అనుకుని, ఆమె మాట గడప దాకా వినపడే వరకు నేను నోరు విప్పను.