పెనుకొండ అతుకు

ధర్మవరం మగ్గాల వీధిలో నాగలక్ష్మి పుట్టిందే పోగుల మధ్య. మగ్గం మీద పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగుల్ని పాత కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వాళ్ళమ్మ తిప్పమ్మ పని అదే. వేళ్ళకు ఇంత బూడిద అద్దుకుని రెండు కొసల్నీ పురి పెట్టిందంటే పోగు తెగాల్సిందే గానీ అతుకు ఊడదు. చీర చూసి మురిసేవాళ్ళలో ఆ చేతుల గురించి అడిగినవాళ్ళు మాత్రం లేరు.

కూతురు ఐటీఐ చదివి గాజు పోగుల్ని అతికే పనికి వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల్నీ, హిందూపురం దగ్గరి పట్టు పరిశోధన కేంద్రాన్నీ ఆ గాజు పోగుల కేబుల్‌తో కలిపే ఇంటర్నెట్ నెట్‌వర్క్ పని అది. ఒకచోట చెప్పే పాఠం అన్నిచోట్లా వినొచ్చు. పెద్ద విశ్వవిద్యాలయాల పరిశోధనలన్నీ ఇక్కడే కూర్చుని చదువుకోవచ్చు.

ఆ రోజు సాయంత్రమే నెట్‌వర్క్ ప్రారంభం. అప్పటికి లైను అందిన కాలేజీలు మొదటి విడత, అందనివి రెండో విడత. ఈ సీమలో రెండో విడత అంటే ఏమిటో, రోడ్లకూ కొళాయిలకూ ఎదురుచూసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. మొదటి విడతకు అనుకున్నవాటిలో ఇక మిగిలింది పెనుకొండ ఆడపిల్లల కాలేజీ ఒక్కటే. ఎప్పుడైనా చివరికి మిగిలేది వాళ్ళే కదా!

కాలేజీ గేటు పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో, నాగలక్ష్మి వేసిన ప్రతి అతుకునూ, గాజు పోగుల్ని అతికే మిషన్ బాగాలేదని తిప్పికొడుతోంది. సూపర్‌వైజర్ శివశంకర్‌కు ఓపిక అయిపోయింది.

"ఏం పాపా, పట్టుచీర అనుకుంటివా ఏంది? హిందూపురం ట్రైనింగులో బాగానే అతికిస్తివి కదా!"

"మిషనే చెడిపోయినట్టుండాదన్నా."

"మెయిన్ లైనంతా మనోళ్ళు దీంతోనే అతికిరి. వాళ్ళిప్పుడు ధర్మవరంలో ఉండారు, రాలేరు. ఆడోళ్ళకు ఈ ఎండ పని వద్దని ఆపొద్దే చెప్తి. లెయ్, ఈ కాలేజీని రెండో విడతలో రాసేద్దాం."

గేటు లోపల నిలబడి వింటున్న రేష్మ అనే డిగ్రీ అమ్మాయి ఉండబట్టలేకపోయింది. "అన్నా, పోయిన నెల పరిశోధన కేంద్రంలో పాఠం వినేకి హిందూపురం పోతి. బస్సు దిగేసరికి పాఠం అయిపోయిండె. ఇంకెన్నేండ్లు పోవాల మేము?"

"ఇంకొక్కసారి చూస్తానన్నా," అంది నాగలక్ష్మి.

ఈసారి అతకలేదు. మిషన్ తెర మీద గాజు కొసను పెద్దది చేసి చూసింది. కొస మీద బండరాళ్ళలా నలుసులు. తన వేళ్ళు చూసుకుంది. బూడిద రంగు.

చెమటకు పోగు జారుతోందని పొద్దుటి నుంచీ అమ్మలాగే, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బీలోని బూడిద అద్దుకుంటోంది! స్పిరిట్‌తో తుడిచిన పోగును మళ్ళీ ఆ వేళ్ళతోనే పట్టుకుంటోంది. ట్రైనింగ్ జరిగింది ఏసీ గదిలో. అక్కడ చెమటా లేదు, బూడిదా లేదు.

నాగలక్ష్మి పకపకా నవ్వింది. "మిషన్‌కేం కాలేదన్నా! మా అమ్మ బుద్ధి నా వేళ్ళకుండాది!"

కొళాయి దగ్గరికి పరిగెత్తి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. కానీ చెమట ఆగాలి, రోడ్డు దుమ్ము ఆగాలి. "ఏమ్మే, హాస్టల్ దుప్పట్లు తడిపి తీసుకురాండి!" అని అరిచింది. ఆడపిల్లలు బిలబిలా వచ్చి తడి దుప్పట్లు నాలుగు దిక్కులా పట్టుకున్నారు. లోపల చల్లగా చిన్న గది తయారైంది.

"పెండ్లి పందిరి వేస్తాండారా ఏంది?" అన్నాడు శివశంకర్.

"అవునన్నా, పెండ్లికొచ్చినోడివి ఊరికే నిలబడతావా? ఆ మూల పట్టుకో!" అంది రేష్మ. అందరూ గొల్లుమన్నారు. ఆయనా నవ్వి, వంగి దుప్పటి మూల పట్టుకున్నాడు.

మొదటి అతుకును మిషన్ ఒప్పుకుంది. రెండోదీ, మూడోదీ. పొద్దు వాలేలోపు చివరి పోగు కూడా అతికింది.

కంప్యూటర్ గదిలో తెర వెలిగింది. పరిశోధన కేంద్రం మేడమ్ కనబడి, "పెనుకొండ, వినపడుతోందా?" అంది. గదంతా ఈలలు, కేకలు. అన్ని కాలేజీలూ వింటుండగా మొదటి ప్రశ్న రేష్మదే: "మేడమ్, ఎండాకాలం మా ముదిగుబ్బ పక్క పట్టుపురుగులు ఎందుకు చచ్చిపోతాండాయి?" చాలా మంచి ప్రశ్న అంటూ మేడమ్ పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టింది.

బయట నాగలక్ష్మి బూడిద డబ్బీని సంచి అడుక్కు తోసేసింది. అది అమ్మ మగ్గం దగ్గరే బాగుంటుంది.

శివశంకర్ గొంతు సవరించుకున్నాడు. "రొళ్ల, అగళి కాలేజీలు రెండో విడతలో ఉండాయి పాపా. వస్తావా?"

"రెండో విడత ఎప్పుడన్నా?"

"నువ్వొస్తానంటే, సోమవారమే."

"దుప్పట్లు నేనే తెస్తా," అంది నాగలక్ష్మి.